పట్టిన బ్రేక్ వదులుతోందా? ఒక సెకండ్ హ్యాండ్ బండి తనిఖీ

"అన్నా, బ్రేక్ మాత్రం సూపర్‌గా ఉంది. లివర్ ఇలా ముట్టుకుంటే చాలు, టక్కున పట్టేస్తోంది" అని ఫోన్‌లో సంబరంగా చెప్పాడు ఆ కుర్రాడు. కొత్తగా ఉద్యోగంలో చేరాడు. సొంత డబ్బుతో కొనుక్కుంటున్న మొదటి బండి. రంగు నచ్చింది, ఇంజన్ చప్పుడు నచ్చింది, బ్రేక్ అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది. అడ్వాన్స్ ఇచ్చేముందు నేనొకసారి చూసి సరే అంటే తీసుకుంటానన్నాడు.

ముట్టుకుంటే పట్టేస్తోందన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. మంచి బ్రేక్ లివర్ ముట్టుకోగానే పట్టదు. మొదట కాస్త ఖాళీగా కదలాలి, ఆ తర్వాత పట్టాలి. ఆ ఖాళీ కదలికనే మేం ఫ్రీ ప్లే అంటాం. అది బొత్తిగా లేని బండిని నేను మంచి బ్రేకున్న బండి అనను, వెంటనే విప్పి చూడాల్సిన బండి అంటాను.

నేను ఇరవై ఏళ్లకు పైగా టూవీలర్ మెకానిక్‌ని. పాత బండి కొనేవాళ్ల తరఫున వెళ్లి చూసిపెట్టడం కూడా నా పనిలో భాగమే. ఈ కేసు వివరంగా రాయడానికి ఒక కారణం ఉంది. కొన్నేళ్ల క్రితం ఇలాగే ఒక బండి చూసి సరే అన్నాను. నిలబడి ఉన్న బండికి లివర్ నొక్కి చూశాను, డిస్క్‌ని రెండువైపులా నొక్కి పట్టే ప్యాడ్లు చూశాను, ఇంటిముందు అటూ ఇటూ రెండు రౌండ్లు తిప్పాను. అన్నీ బాగున్నాయి. మూడో రోజు దూరప్రయాణంలో దాని ముందు చక్రం పట్టేసింది. నడిపేవాడు నెమ్మదిగా వెళ్తున్నాడు కాబట్టి పడలేదు. విప్పి చూస్తే బ్రేక్ హోస్, అంటే బ్రేక్ ఆయిల్ పారే రబ్బరు పైపు, లోపలివైపు ఉబ్బి ఉంది. నొక్కినప్పుడు ఆయిల్‌ని చక్రం దగ్గర ప్యాడ్లని నొక్కే కాలిపర్‌కి వెళ్లనిస్తోంది, వదిలాక వెనక్కి రానివ్వడం లేదు. ఆ బండి నేను ఓకే చేసిందే. ఆ రోజు నుంచి ఏ బండినైనా చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, బాగా తిరిగి వేడెక్కాక ఇంకోసారి చూడకుండా నోటితో "సరే" అనడం మానేశాను. బ్రేక్ పడుతోందా అని అందరూ చూస్తారు. పట్టిన బ్రేక్ వదులుతోందా అని చూసేవాళ్లు తక్కువ.

బండి చల్లగా ఉన్నప్పుడు

150 సీసీ బండి. ముందు డిస్క్, వెనక డ్రమ్. గట్టిగా బ్రేక్ పట్టినా చక్రం బిగిసిపోకుండా చూసే ఏబీఎస్ లేదు. ఏడేళ్ల వయసు, మీటర్ మీద 41 వేల కిలోమీటర్లు, మొదటి నుంచీ ఒక్కరే వాడారు. ఓనర్ గారికి ముందే ఫోన్ చేసి, "సార్, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చేయకండి" అని చెప్పాను. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగానే ఉంది.

ముందు కళ్లతో చూడాలి. కుడివైపు హ్యాండిల్ చివర గీతలు పడి ఉన్నాయి, సైలెన్సర్ అంచు మీదా అలాంటి గీతలే. క్లచ్ లివర్ నల్లరంగు వెలిసి పాతగా ఉంది, బ్రేక్ లివర్ మాత్రం నిగనిగలాడుతోంది. "లివర్ ఎప్పుడు మార్చారు సార్?" అని అడిగాను.

"ఆరేడు నెలలైందండీ. సైడ్ స్టాండ్ వేసి పెడితే జారి పడిపోయింది. లివర్ విరిగింది. దగ్గర్లో దొరికినదేదో వేయించాను. అప్పట్నుంచి బ్రేక్ ఇంకా గట్టిగా పడుతోంది" అన్నారాయన. ఆ మాటలో మోసం ఏమీ లేదు. ఆయనకు తెలిసింది అంతే. అమ్మేవాళ్లందరూ దాచరు, చాలామందికి తమ బండిలో ఉన్న జబ్బు తమకే తెలియదు. అందుకే నిలదీసినట్టు కాకుండా మామూలుగా అడిగితే సగం సమాచారం వాళ్ల నోటి నుంచే వస్తుంది.

హ్యాండిల్ మీద, లివర్ నొక్కితే ఆయిల్‌ని కిందికి తోసే మాస్టర్ సిలిండర్ ఉంటుంది. దాని ఆయిల్ డబ్బాకి లోపల చూసే గాజు కన్ను ఉంటుంది. హ్యాండిల్‌ని తిప్పి, డబ్బా మట్టంగా ఉండేట్టు పెట్టి చూశాను. ఆయిల్ పైదాకా ఉంది, లేత పసుపు రంగులో తేటగా ఉంది. చూసినవాళ్లు కొత్త ఆయిల్ పోశారనే అనుకుంటారు. కానీ మూత స్క్రూల తలలు ఈమధ్యే విప్పినట్టు మెరుస్తున్నాయి, కింద కాలిపర్ మీద పాత ఆయిల్ బయటికి వదిలే బ్లీడింగ్ నిప్పుల్ చుట్టూ మాత్రం ఏళ్లనాటి మట్టి గడ్డకట్టి ఉంది. అంటే పైన డబ్బాలో ఉన్నది తోడేసి కొత్తది పోశారు, పైపులోనూ కాలిపర్‌లోనూ పాతదే ఉంది. దీన్ని కూడా నేను మోసంగా చూడను. సర్వీసింగ్‌లో ఎవరో తొందరగా కానిచ్చిన పని అది.

ఆయిల్ రంగు గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, డాట్ 3, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. నీరు చేరాక ఉండాల్సిన కనీస హద్దు 155 డిగ్రీలే. అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి మార్చమంటాయి. ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. ఆయిల్ నొక్కుకుపోదు, ఆవిరి నొక్కుకుపోతుంది. లివర్ హ్యాండిల్‌దాకా వచ్చేస్తుంది, బ్రేక్ మాత్రం పడదు.

ఇక లివర్. వేలితో మెల్లగా నొక్కాను. ఖాళీ కదలిక సున్నా. మొదటి నుంచే బిగువు. గట్టిగా పట్టుకుని నిమిషం పాటు ఉంచాను. లివర్ మెల్లమెల్లగా లోపలికి దిగిపోతే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు కప్పు ఆయిల్‌ని ఆపలేకపోతోందని, లేదా ఎక్కడో లీకవుతోందని అర్థం. ఇది దిగలేదు. నాలుగైదుసార్లు టకటకా నొక్కాను. మెత్తగా ఉన్న లివర్ అలా నొక్కితే గట్టిపడితే లైన్‌లో గాలి ఉందన్నమాట. అదీ లేదు. పక్కన నిలబడ్డ, బండి కొనబోయే ఆ కుర్రాడి ముఖం వెలిగిపోయింది. వాణ్ణి నేను తమ్ముడూ అనే పిలుస్తాను. "చెప్పానుగా అన్నా!" అన్నాడు. "ఆగు తమ్ముడూ, ఇంకా బండి తిరగలేదు" అన్నాను.

ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ ట్యూబుల మీద వేలు నిలువుగా రాసి చూశాను, తడి లేదు. అమ్మేముందు గుడ్డతో తుడిస్తే ఫోర్క్ ఆయిల్ లీకు కనిపించదు. అందుకని ముందు బ్రేక్ పట్టుకుని హ్యాండిల్‌ని పది పన్నెండుసార్లు గట్టిగా కిందికి నొక్కి మళ్లీ చూడాలి. సీల్ పోతే నూనె గీత వస్తుంది. ఆ నూనె కిందికి జారి ప్యాడ్ల మీద పడిందంటే ఆ ప్యాడ్లు ఇక పనికిరావు. అదే ఊపులో ఎక్కడైనా "టక్" మంటుందేమో చూశాను. అలా అంటే అది బ్రేక్ లోపమే కానక్కర్లేదు, హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు, అంటే స్టీరింగ్ కోన్ సెట్, వదులైనా అంతే అంటుంది. ఫోర్క్ పైభాగానికీ హెడ్ పైపుకీ మధ్య వేలు పెట్టి ఊపితే తేడా తెలిసిపోతుంది. దీనికి అలాంటి ఇబ్బంది లేదు.

డిస్క్ దగ్గర ఎక్కువసేపు కూర్చున్నాను. అరిగిన డిస్క్‌కి వెలుపలి అంచున ప్యాడ్ తగలని సన్నటి గట్టు మిగులుతుంది. మందం కొలిచే వెర్నియర్‌ని అడ్డంగా పెడితే దాని పళ్లు ఆ గట్టు మీద కూర్చుని మందం ఎక్కువ చూపిస్తాయి. దీని మీద అలా పెడితే 3.9 మిల్లీమీటర్లు వచ్చింది. అరిగిన చోట రెండువైపులా చిన్న రేకు ముక్కలు ఆనించి, మొత్తం కొలిచి, రేకుల మందం తీసేస్తే 3.6. ఆ డిస్క్ మీదే చెక్కి ఉన్న కనీస మందం 3.5. ఇంకా పనికొస్తుంది, కానీ ఎంతోకాలం కాదు. దాదాపు ప్రతి డిస్క్ మీదా ఆ అంకె ఉంటుంది. తడిగుడ్డతో తుడిస్తే కనబడుతుంది. ఇంకో విషయం, డిస్క్ మీద అక్కడక్కడ నీలిరంగు మచ్చలున్నాయి. ఉక్కు బాగా వేడెక్కితేనే ఆ రంగు వస్తుంది. పైనుంచి గంటసేపు బ్రేక్ పట్టుకుంటూ దిగిన ఘాట్ రోడ్డు బండికైతే అర్థముంది. రోజూ ఆఫీసుకెళ్లొచ్చే బండికి ఆ మచ్చలెందుకు?

ఫోర్క్‌కి సన్నటి తీగ చుట్టి, దాని కొస డిస్క్‌కి వెంట్రుకవాసి దూరంలో ఉండేట్టు వంచి, చక్రం తిప్పాను. డిస్క్ వంకరగా ఉంటే ఆ సందు ఒకచోట పెరిగి ఇంకోచోట తగ్గుతుంది. దీనికి తేడా కనిపించలేదు. మెయిన్ స్టాండ్ వేసి, తమ్ముణ్ణి వెనక సీటు చివర నొక్కి పట్టుకోమన్నాను. ముందు చక్రం గాల్లోకి లేచింది. చేత్తో ఒక్క తోపు తోస్తే ఒకటిన్నర చుట్టు తిరిగి ఆగింది. ప్యాడ్ సన్నగా రాసుకునే "స్‌స్" శబ్దం మామూలే, అది లోపం కాదు. లివర్ నొక్కి వదిలి మళ్లీ తిప్పాను. అంతే తిరిగింది. చల్లగా ఉన్నప్పుడు ఈ బండి పరీక్ష పాసైపోయింది. నా పాత పద్ధతిలో అయితే ఇక్కడే సరే అనేవాణ్ణి.

వెనక డ్రమ్ గురించి రెండు మాటలు. బ్రేక్ రాడ్‌ని పట్టుకునే చేయి, దాని లోపల షూలని విడదీసి డ్రమ్‌కి నొక్కే క్యామ్ ఇరుసు, రెండింటి మీదా చుక్క గుర్తులుంటాయి. అవి ఎదురెదురుగా ఉండాలి. ఈ బండిలో చేయి ఒక పన్ను జరిపి బిగించి ఉంది. డ్రమ్‌కి లోపల రాసుకుని బ్రేక్ పట్టే ఆ షూలు అరిగిపోయి, అడ్జస్ట్‌మెంట్ నట్ చివరిదాకా వచ్చేశాక, షూలు మార్చకుండా ఇంకొన్నాళ్లు లాగించడానికి చేసే పని ఇది. పైకి చూస్తే నట్‌కి ఇంకా బోలెడు మర ఉన్నట్టే కనబడుతుంది. అయితే చాలా బళ్లలో క్యామ్ మీదే కూర్చునే బాణం గుర్తు ఒకటుంటుంది, దాన్ని ఇష్టమొచ్చినట్టు జరపడానికి వీల్లేదు. పెడల్ పూర్తిగా నొక్కించి చూస్తే బాణం హద్దు గీత దాటిపోయింది. షూలు అయిపోయాయి. అలాగే నడిపితే క్యామ్ మరీ ఎక్కువ తిరిగి అడ్డం పడి, వెనక చక్రమే పట్టేయొచ్చు. దీన్ని మార్పుల జాబితాలో మొదట రాసుకున్నాను.

రోడ్డు మీద

ఇలాంటి టెస్ట్ రైడ్‌కి నేను దూరం వెళ్లను. ఓనర్ ఇంటి చుట్టుపక్కలే, రద్దీ లేని రోడ్డు మీద రౌండ్లు కొడతాను. ఎక్కడ ఆగిపోయినా తోసుకుంటూ రాగలిగేంత దూరంలో ఉండాలి. మొదట నడక వేగంలో రెండు బ్రేకులూ విడివిడిగా పట్టి చూసుకున్నాకే వేగం పెంచుతాను. హెల్మెట్, గ్లవ్స్ లేకుండా ఎక్కను.

మొదటి నాలుగు కిలోమీటర్లు ఏ ఇబ్బందీ లేదు. ముందు బ్రేక్ మామూలుగా వాడుతూ, ఆగుతూ, కదులుతూ వెళ్లాను. ఆరో కిలోమీటర్ దగ్గర లివర్ ఇంకాస్త పైకి వచ్చినట్టు, ఇంకాస్త బిగిసినట్టు అనిపించింది. ఎనిమిదో కిలోమీటర్‌కి క్లచ్ పట్టుకుంటే బండి జారుతూ పోవాల్సింది పోయి, ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఆగిపోతోంది. లివర్ రాయిలా ఉంది, వేలి కొసతో నొక్కితే కదలడమే లేదు. అప్పటికి ముందు బ్రేక్ ముట్టుకుని కిలోమీటర్ దాటింది. ఇక ఒక్క గజం కూడా నడపకూడదు. వెనక బ్రేక్‌తో మెల్లగా పక్కకు తీసి ఆపాను.

న్యూట్రల్ వేసి తోస్తే బండి కదల్లేదు. నడుం ఆనించి తోస్తే మూలుగుతూ అడుగు దూరం జరిగింది. ప్యాడ్ మాడిన వాసన గుప్పుమంది. నా దగ్గరుండే చిన్న ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో చూస్తే డిస్క్ 142 డిగ్రీలు. ఆ పరికరం లేనివాళ్లు డిస్క్‌ని మాత్రం ముట్టుకోకండి, చర్మం ఊడొస్తుంది. అరచేతిని నాలుగు వేళ్ల దూరంలో ఉంచితే సెగ తెలుస్తుంది, అది చాలు. వేడిగా ఉన్న డిస్క్ మీద నీళ్లు పోయడం కూడా తప్పే, వంకర తిరుగుతుంది.

తమ్ముడు పరుగెత్తుకొచ్చాడు. "ఏమైందన్నా, పడ్డావా?" అన్నాడు కంగారుగా. "పడలేదు. ఇదిగో, నీకు నచ్చిన బ్రేక్ చూడు" అని చక్రం చూపించాను. వాడు తోసి చూశాడు. కదల్లేదు.

ఎక్కడ పట్టింది

బ్రేక్ వదలకపోవడానికి కారణం మూడు నాలుగు చోట్ల ఉండొచ్చు. ఏది అన్నది పట్టేసి ఉన్నప్పుడే తేలాలి, చల్లారితే సాక్ష్యం పోతుంది. నేను వెళ్లే వరస ఇది. ముందు లివర్‌ని బోల్ట్ తీసి పక్కకు లాగుతాను. దాంతో చక్రం వదిలితే దోషం లివర్‌ది. వదలకపోతే మాస్టర్ సిలిండర్ దగ్గర హోస్‌ని పట్టుకునే బాంజో బోల్ట్‌ని చుట్టూ గుడ్డ కప్పి కొద్దిగా వదులు చేస్తాను. అప్పుడు వదిలితే దోషం మాస్టర్ సిలిండర్ లోపల. అప్పటికీ వదలకపోతే కింద కాలిపర్ నిప్పుల్ తిప్పుతాను. ఆయిల్ చిమ్మి చక్రం వదిలిందంటే ఒత్తిడి హోస్‌లో ఇరుక్కుందని, నాకు గుణపాఠం నేర్పిన బండిలో జరిగింది అదేనని అర్థం. నిప్పుల్ తిప్పినా వదలకపోతే అది ఆయిల్ ఒత్తిడి కాదు. కాలిపర్‌లో పిస్టన్ తుప్పుపట్టి బిగిసింది, లేదా కాలిపర్ జారే పిన్నులు ఎండిపోయాయి.

ఇక్కడ మొదటి మెట్టులోనే తేలిపోయింది. 10 నంబర్ స్పానర్‌తో లివర్ బోల్ట్ కింది నట్ తీసి, బోల్ట్ పైకి లాగాను. లివర్ "టిక్" మని అరవీసం ముందుకు తన్నుకుని చేతిలోకి వచ్చింది. తమ్ముడు బండిని తోస్తూనే ఉన్నాడేమో, బండి ఒక్కసారిగా ముందుకు ఉరికింది. ఓనర్ గారు నోరు తెరిచి చూస్తుండిపోయారు.

లివర్ లేకుండానే బండిని తోసుకుంటూ ఇంటికి తెచ్చాం. చల్లారాక ట్యాంకు మీద తడిగుడ్డ పరిచాను, బ్రేక్ ఆయిల్ పడితే పెయింట్ లేచిపోతుంది. మాస్టర్ సిలిండర్ మూత విప్పాను. డబ్బా అడుగున రెండు రంధ్రాలుంటాయి. ఒకటి పెద్దది, ఇంకొకటి గుండుసూది మొనంత. ఆ చిన్నదే ఈ కథకి మూలం. లివర్ వదిలినప్పుడు లోపలి రబ్బరు కప్పు ఆ చిన్న రంధ్రానికి కాస్త వెనక్కి వచ్చి ఆగాలి. అప్పుడు కింద కాలిపర్ నుంచి పైన డబ్బాదాకా దారి తెరిచి ఉంటుంది. బ్రేక్ వాడినకొద్దీ ఆయిల్ వేడెక్కి వ్యాకోచిస్తుంది, పెరిగిన ఆ కాస్తా చిన్న రంధ్రంలోంచి డబ్బాలోకి వచ్చేస్తుంది. రంధ్రం మూసుకుపోతే పెరిగిన ఆయిల్‌కి పోయే చోటు లేదు. అది పిస్టన్‌ని నొక్కుతుంది, ప్యాడ్ డిస్క్‌కి రాసుకుంటుంది, రాపిడికి ఇంకా వేడి పుడుతుంది, ఆయిల్ ఇంకా పెరుగుతుంది. లివర్ ఎవరూ ముట్టుకోకుండానే బ్రేక్ దానంతటదే బిగుసుకుంటూ పోతుంది.

రంధ్రం తెరిచి ఉందో లేదో కంటితో చూడొచ్చు. లివర్ తిరిగి బిగించి, వేలితో అతి మెల్లగా, వెంట్రుకవాసి నొక్కాను. మంచి మాస్టర్ సిలిండర్‌లో అలా నొక్కగానే చిన్న రంధ్రం మీద ఆయిల్ బుడుంగుమని పైకి ఉబుకుతుంది, అద్దంలా ఉన్న ఉపరితలం మీద చిన్న అల లేస్తుంది. ఇక్కడ ఏమీ కదల్లేదు. లివర్ బోల్ట్ తీసి, పిస్టన్‌ని పూర్తిగా బయటికి రానిచ్చి, స్క్రూడ్రైవర్ పిడితో దాన్ని కొద్దిగా నొక్కాను. బుడుంగుమని అల లేచింది. ఓనర్ గారినీ తమ్ముణ్ణీ వంగి చూడమన్నాను. నేను ఎంత చెప్పినా అర్థం కానిది ఆ ఒక్క అలతో వాళ్లకి అర్థమైంది.

తప్పు లివర్ వెనక ఉండే బొడిపెది. పిస్టన్‌ని నొక్కేది అదే. ఇదే మోడల్‌కి సరిపోయే అసలు లివర్ తెప్పించి పక్కపక్కన పెట్టి కొలిస్తే, బిగించి ఉన్న లివర్ బొడిపె 0.7 మిల్లీమీటర్లు పొడవు ఎక్కువ. చూడ్డానికి అచ్చం ఒకేలా ఉండే వేరే మోడల్ లివర్ అది. ఆ 0.7 మిల్లీమీటర్లు పిస్టన్‌ని ఎప్పుడూ లోపలికి నెట్టి ఉంచాయి, రంధ్రం ఎప్పుడూ మూసే ఉంది. ముట్టుకోగానే పట్టేయడానికి కారణం కూడా ఇదే.

మరి ఏడు నెలలుగా ఓనర్ గారికి ఎందుకు తెలియలేదు? ఆయన ఆఫీసు ఇంటికి రెండు కిలోమీటర్లు. వేడి పెరిగేలోపు బండి ఆగిపోయేది, ఆగితే చల్లారేది. "ఈమధ్య మైలేజ్ తగ్గిందండీ, ఇంజన్ ప్రాబ్లం అనుకున్నాను" అన్నారు. ఎప్పుడో ఒకసారి కాస్త దూరం వెళ్లినప్పుడు పడ్డవే డిస్క్ మీది ఆ నీలి మచ్చలు.

వేడి చేసిన నష్టం

లివర్ మార్చేస్తే బ్రేక్ వదులుతుంది. నిజమే. కానీ నెలల తరబడి ఉడికిన భాగాలు అలాగే ఉన్నాయి, వాటిని వదిలేసి బండి చేతికివ్వడం నా వల్ల కాదు. ప్యాడ్లు తీస్తే వాటి ముఖం గాజులా మెరుస్తోంది. అలాంటి ప్యాడ్‌లో ఇంకా మందం మిగిలున్నా సరిగ్గా పట్టదు. పిస్టన్ వైపు ప్యాడ్ 1.8 మిల్లీమీటర్లు, అవతలిది 3.1. ఒక పక్క పిస్టన్ ఉండే కాలిపర్‌లో రెండు ప్యాడ్ల మధ్య ఇంత తేడా ఉందంటే కాలిపర్ దాని పిన్నుల మీద జారడం లేదని అర్థం. పిన్నులు బయటికి లాగితే గ్రీజు ఎండి బంకలా అయింది. నిప్పుల్‌కి సన్నటి పైపు తగిలించి ఆయిల్ వదిలితే, పైన పసుపుగా తేటగా ఉన్నది కింద ముదురు గోధుమ రంగులో, నలుసులతో వచ్చింది.

ముందువైపు సరైన లివర్, మాస్టర్ సిలిండర్ కిట్, కాలిపర్ పిస్టన్ సీళ్లు, ప్యాడ్లు, హద్దుకు వచ్చేసిన ఆ డిస్క్, రాగి వాషర్లు, కొత్త డాట్ 4 ఆయిల్ కావాలన్నాను. హోస్ కూడా ఏడేళ్లది. రబ్బరు హోస్‌ని నాలుగేళ్లకోసారి మార్చమని చాలా కంపెనీలు మాన్యువల్‌లోనే రాస్తాయి. పైకి పగుళ్లు లేకపోయినా మార్చాలని పట్టుబట్టాను. వెనక షూలు మార్చి, చేయిని చుక్కకి చుక్క కలిపి బిగించాలి. డ్రమ్ లోపల అచ్చుపోసిన గరిష్ఠ కొలత 131 మిల్లీమీటర్లు. కొలిస్తే 130.3 ఉంది, పర్వాలేదు. డ్రమ్‌లో దుమ్ముని గాలి కొట్టి ఊదకండి, అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిగుడ్డతో తుడవాలి.

"ఆ లివర్ బొడిపెనే ఆకురాయి పట్టి కాస్త అరగదీస్తే సరిపోదా?" అని ఓనర్ గారు అడిగారు. అలా చేసేవాళ్లున్నారు. నేను చేయను. ఎంత తీశామో కొలత ఉండదు, ముఖం వంకరైతే పిస్టన్‌ని పక్కకి నెడుతుంది. బ్రేక్‌లో అందాజు పని చేయకూడదు. ఆ లివర్ ఇంకో బండి మీదికి ఎక్కకూడదని అక్కడే రంపంతో రెండు ముక్కలు చేశాను.

బేరం ఎక్కువసేపు సాగలేదు. పట్టేసిన చక్రాన్ని ఇద్దరూ కళ్లారా చూశారు కాబట్టి వాదనకి చోటు లేకపోయింది. ముందు బ్రేక్ సామాను ఖర్చు ఓనర్ గారు పెట్టుకున్నారు, వెనక షూలూ కూలీ తమ్ముడు పెట్టుకున్నాడు. డబ్బు చేతులు మారేది రెండో టెస్ట్ రైడ్ తర్వాతే అన్నాను. ఇద్దరూ ఒప్పుకున్నారు.

స్పానర్ లేకుండా వెళ్లేవాళ్లకి

అందరి వెంటా మెకానిక్ ఉండడు. చేతిలో ఏ పరికరమూ లేకపోయినా ఈ జబ్బుని పట్టుకోవచ్చు. బండి చల్లగా ఉన్నప్పుడే వెళ్లండి. తోసి చూడండి, ఎంత తేలిగ్గా కదులుతోందో చేతులకి గుర్తుపెట్టుకోండి. లివర్ మొదట్లో కాస్త ఖాళీగా కదులుతోందో లేదో చూడండి. తర్వాత పావుగంట తగ్గకుండా నడపండి, మామూలుగా బ్రేకులు వాడండి. చివరి కిలోమీటర్ మాత్రం ముందు బ్రేక్ ముట్టుకోకుండా వచ్చి, వెనక బ్రేక్‌తో ఆపండి. దిగి, న్యూట్రల్‌లో, మట్టంగా ఉన్న చోట మళ్లీ తోయండి. మొదట తోసినంత తేలిగ్గా కదలాలి. బరువెక్కితే ఆ బండి బ్రేక్ వదలడం లేదు. అమ్మేవారు "చిన్న రౌండ్ చాలు" అంటే, పెట్రోల్ నేనే పోయిస్తానని చెప్పి మర్యాదగా అడగండి. అయినా ఒప్పుకోకపోతే ఆ బండి వదిలేయండి. ఎంత నచ్చినా సరే.

మూత తీసి చూసే వీలుంటే లోపలి రబ్బరు డయాఫ్రమ్ చూడండి. ఉబ్బి, ఆకారం మారి, మళ్లీ చోట్లో కూర్చోకపోతే ఎవరో బ్రేక్ ఆయిల్ బదులు ఇంజన్ ఆయిల్ లాంటిదేదో పోశారని అనుమానించాలి. అప్పుడు లైన్‌లో ఉన్న ప్రతి రబ్బరు ముక్కా మార్చాల్సిందే. ఏబీఎస్ ఉన్న బండైతే తాళం తిప్పగానే ఏబీఎస్ లైట్ వెలగాలి, బండి కదిలి కాస్త వేగం అందుకున్నాక ఆరిపోవాలి. అసలు వెలగనే వెలగకపోతే సంతోషించకండి, లోపం కనబడకుండా ఆ లైట్‌నే తీసేసి ఉండొచ్చు.

రెండో రైడ్

పని అయ్యాక అదే రోడ్డు మీద, అదే వేళకి, ఈసారి 12 కిలోమీటర్లు తిప్పాను. లివర్ మొదట కాస్త ఖాళీగా కదిలి, తర్వాత పట్టుకుంటోంది. మూత విప్పి చూసినప్పుడు చిన్న రంధ్రం మీద అల కూడా వచ్చింది. ఆగిన వెంటనే డిస్క్ 47 డిగ్రీలు. ముందు చక్రం ఎత్తి తోస్తే రెండు చుట్లు పైన తిరిగింది. తమ్ముడికి మాత్రం మొహం కాస్త చిన్నబోయింది. "అన్నా, ఇంతకుముందు ఇంకా షార్ప్‌గా ఉండేది కదా" అన్నాడు. వాణ్ణి ఎక్కించి, ఖాళీ రోడ్డు మీద నలభై వేగంలో నాలుగైదుసార్లు ఆపించాను. లివర్ ఎంత నొక్కితే బండి అంత ఆగుతోందని వాడికే తెలిసింది. కొత్త ప్యాడ్లు కుదురుకునేదాకా, మొదటి 200 కిలోమీటర్లు అవసరమైతే తప్ప గట్టి బ్రేకులు వేయొద్దని చెప్పి తాళం ఇప్పించాను.

వెయ్యి కిలోమీటర్ల తర్వాత రమ్మంటే వచ్చాడు. ప్యాడ్లు తీసి కొలిచాను. పిస్టన్ వైపుది 4.2, అవతలిది 4.3. పిన్నులు వేలితో జారుతున్నాయి. డిస్క్ మీద నీలి మచ్చ ఒక్కటీ లేదు.